నేర్చిన విద్య – నేర్పే విద్య

పాఠ్యాంశ ఉద్దేశం

ఒక కళను తాను అభ్యసించడం, దానిని మరొకరికి బోధించడం వేర్వేరు సామర్థ్యాలు. ఉత్తరాంధ్ర సంగీత నృత్య సంప్రదాయాల నేపథ్యంలో నాట్యాచార్యునికి ఉండవలసిన శిక్షణను, అర్హతలను తెలియజేయడం, పట్టా విలువనూ దాని పరిమితినీ విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కాళిదాస మహాకవి రచించిన ‘మాళవికాగ్నిమిత్రం’ నాటకం ప్రథమాంకంలో ఒక ఆసక్తికరమైన వివాదం కనిపిస్తుంది. అగ్నిమిత్ర మహారాజు ఆస్థానంలో గణదాసు, హరదత్తుడు అనే ఇద్దరు నాట్యాచార్యులు ఉన్నారు. తమలో ఎవరు గొప్పవారో తేల్చవలసిందని వారు రాజును ఆశ్రయిస్తారు. కౌశికి అనే పరివ్రాజిక న్యాయనిర్ణేత అవుతుంది. ఆచార్యులే రంగమెక్కి ఆడి చూపితే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కాని కౌశికి శిష్యుల ప్రదర్శన ద్వారానే గురువుల యోగ్యతను పరీక్షించాలంటుంది. కొందరి విద్య వారియందే శోభిస్తుందని, మరికొందరికి దానిని ఇతరులలో నిలిపే నేర్పు అధికమని, ఈ రెండూ ఉన్నవారే ఆచార్యులలో అగ్రగణ్యులని ఆమె అభిప్రాయం.

రాజాస్థానాలు పోయినా ఆ వివాదం మాత్రం తీరలేదు. నేడు ఏ పట్టణంలో చూసినా నృత్య పాఠశాలల బోర్డులు కనిపిస్తాయి. శ్రీకాకుళంలోనో, విజయనగరంలోనో ఒక తల్లి తన ఎనిమిదేళ్ల కూతురిని చేయి పట్టుకొని ఆ గుమ్మం ముందు నిలబడినప్పుడు ఆమె మనస్సులో మెదిలే ప్రశ్న ఒక్కటే: ఈ గురువుకు నేర్పే అర్హత ఉన్నదా? ఆ అర్హతను నిర్ణయించేది వంశమా, వేదికపై సంపాదించిన కీర్తియా, లేక గోడకు వేలాడే పట్టాయా? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి ఉత్తరాంధ్ర చరిత్రే మంచి ఆధారం.

కళింగాంధ్రంగా ప్రసిద్ధి పొందిన ఈ ప్రాంతంలో నృత్యం గ్రామంలోను, ఆలయంలోను, ఆస్థానంలోను వర్ధిల్లింది. గ్రామాలలో తప్పెటగుళ్లు, తూర్పు భాగవతం వంటి కళారూపాలు నేటికీ సజీవంగా ఉన్నాయి. తప్పెటగుళ్ల కళాకారులు రేకుతో చేసిన గుండ్రని వాద్యాన్ని ఎదపై కట్టుకొని, రెండు చేతులతో వాయిస్తూ, పాడుతూ, వలయంగా తిరుగుతూ అడుగులు వేస్తారు. బృందానికి పెద్ద అయినవాడే గురువు. అతనికి ఏ సంస్థా యోగ్యతాపత్రం ఇవ్వలేదు. కాని గొల్లవారి గంగమ్మ పండుగలో అతని బృందం అడుగు తప్పితే ఊరంతా చూస్తుంది. తూర్పు భాగవతంలో భామాకలాపం ప్రధానం. మద్దెల జతులకు అందులో విశేష ప్రాధాన్యం ఉంటుంది. వేషధారి చరణం, మద్దెలగాని చేయి రెండూ కలియకపోతే రాత్రంతా మేలుకొని చూసే ప్రేక్షకులు క్షమించరు. ఆ విధంగా గ్రామీణ కళలలో సభయే పరీక్షాధికారి, ప్రదర్శనయే ప్రశ్నపత్రం.

ఆలయాలలో, ఆస్థానాలలో నృత్యాన్ని పోషించినవారు కళావంతులు. వారి శిక్షణ బాల్యంలోనే ఆరంభమై దీర్ఘకాలం సాగేది. సంగీతం, తాళం, అభినయం, తెలుగు సంస్కృత సాహిత్యాలు వారి విద్యలో భాగాలు. క్షేత్రయ్య పదానికి కూర్చుండి అభినయించే నాయిక ఒకే పల్లవిని అనేక విధాలుగా వ్యాఖ్యానించగలిగేది. ఇంత విద్య ఉన్నా వారికి సంఘంలో గౌరవం దక్కలేదు. విజయనగరంలో 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృత రూపం పొందిన గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలోని మధురవాణి పాత్ర ఈ స్థితికి అద్దం పడుతుంది. ఆమె సంగీత సాహిత్యాలు తెలిసిన వివేకవతి. అయినా సౌజన్యారావు పంతులు వంటి సజ్జనుడు సైతం వేశ్యల ముఖం చూడకూడదనే నియమం పెట్టుకొన్నవాడు. విద్య ఒక చోట, గౌరవం వేరొక చోట ఉన్న ఆ కాలాన్ని గురజాడ నిష్పక్షపాతంగా చిత్రించారు.

సంఘ సంస్కరణోద్యమం ఫలితంగా దేవాలయాలకు బాలికలను అంకితమిచ్చే ఆచారాన్ని నిషేధిస్తూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. బాలికల జీవితాలకు అది అత్యవసరమైన రక్షణ. అయితే దురాచారంతోపాటు దానిని అంటిపెట్టుకొని ఉన్న విద్య కూడ మరుగున పడింది. దశాబ్దాల సాధన గల వృద్ధ కళాకారిణులు గజ్జెలు విప్పి ఇంటి మూలలకు పరిమితమయ్యారు. వారి వద్ద నేర్చుకోవడానికి వచ్చేవారు కరవయ్యారు. నటరాజ రామకృష్ణ (1923–2011) అటువంటివారిని వెదకి, 1970 ప్రాంతంలో అభినయ సదస్సు నిర్వహించి, వారి విద్యను ‘ఆంధ్రనాట్యం’ పేరుతో మళ్లీ వేదిక ఎక్కించారు. పశ్చిమ గోదావరి జిల్లా బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయానికి చెందిన సరిదె మాణిక్యమ్మ ఆ తరం అభినయవేత్తలలో ఒకరు. నర్తకి స్వప్నసుందరి కళావంతుల పెద్దల వద్ద అభ్యసించి, ఆ సంప్రదాయాన్ని ‘విలాసినీ నాట్యం’ అనే పేరుతో ప్రచారం చేశారు. పట్టా లేని పండితులను గుర్తించకపోతే ఒక తరం విద్య మొత్తం అంతరిస్తుందని ఈ చరిత్ర హెచ్చరిస్తున్నది.

వంశం ద్వారా మాత్రమే విద్య లభించే కాలంలో ఆ వంశంలో పుట్టనివారి మాట ఏమిటి? ఈ ప్రశ్నకు విజయనగరం 1919లో ఒక సమాధానం చెప్పింది. సంస్థానాధీశులు ఆ సంవత్సరం సంగీత పాఠశాలను స్థాపించారు. సంస్థాన ఉద్యోగి ఒకరి అంధ కుమారునికి సంగీతం నేర్పించాలనే ఆలోచనే దీనికి ప్రేరణ అయినదని ఆ పట్టణంలో ప్రతీతి. బొబ్బిలి సమీపంలోని అజ్జాడలో జన్మించిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) దానికి ప్రథమాధ్యక్షులు. నారాయణదాసు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు ధరించి, కథ చెబుతూ, పాడుతూ, ఆడేవారు. కాబట్టి ఆ సంస్థ పేరులో మొదట నృత్యం లేకున్నా, దాని తొలి ఆచార్యుని పాదాలలో అది ఉన్నదనవచ్చును. కాలక్రమంలో నృత్య విభాగం కూడ చేరి, అది మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలగా ప్రసిద్ధి పొందింది.

ఈ కళాశాల ప్రారంభకాలపు ముచ్చట ఒకటి నేటికీ చెప్పుకొంటారు. వాయులీన విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు 26 ఏళ్ల వయస్సులో అక్కడ విద్యార్థిగా చేరాలని వచ్చారట. ఆయన వాదనం విన్న పెద్దలు విద్యార్థిగా కాక, ఆచార్యునిగా నియమించారట. ఆయన 1919లోనే వయొలిన్ ఆచార్యులై, 1936లో నారాయణదాసు తరువాత అధ్యక్షులయ్యారు. చూపు మందగించినవారైనా నాదాన్నే చూపుగా చేసుకొని ఎందరినో తీర్చిదిద్దారు. ఆయన వద్ద పట్టా లేదు. కాని దానిని మించిన ప్రతిభ ఉన్నది. అంతకంటె ముఖ్యం, ఆ ప్రతిభను గుర్తించగలిగిన పరీక్షకులు ఎదురుగా కూర్చున్నారు. పరీక్షించేవారు నారాయణదాసు వంటివారైతే పత్రంతో పని లేదు. ప్రతి ఊరిలోను అటువంటి పరీక్షకులు ఉండరు కనుకనే పత్రం అవసరమైంది.

పాఠశాల చేసిన మేలు మరొకటి కూడ ఉన్నది. గుడివాడ ప్రాంతం నుండి వచ్చిన ఘంటసాల వెంకటేశ్వరరావు అనే పేద బాలుడు విజయనగరంలో మధూకరం ఎత్తి కడుపు నింపుకొంటూ, పట్రాయని సీతారామశాస్త్రి ఆదరణలో సంగీతం నేర్చుకొన్నారు. విజయనగరంలో పుట్టిన పి. సుశీల అదే కళాశాలలో శిక్షణ పొందారు. పేదవాడికి, బాలికకు, ఏ విద్వత్కుటుంబంలోను పుట్టనివారికి ద్వారం తెరచినది ఈ వ్యవస్థయే. నిర్ణీత పాఠ్యప్రణాళిక, నిర్ణీత కాలం, బయటి పరీక్షకుడు, చివర ఒక పత్రం – ఈ నాలుగూ కలిసి విద్యను పుట్టుక నుండి విడదీశాయి.

నృత్య రంగంలో ఇటువంటి మార్పే కూచిపూడిలో సంభవించింది. కృష్ణా తీరాన ఉన్న ఆ గ్రామంలో శతాబ్దాలపాటు కొన్ని బ్రాహ్మణ కుటుంబాల పురుషులే నాట్యాన్ని అభ్యసించారు. స్త్రీ పాత్రలను కూడ వారే ధరించేవారు. వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి ఆ ఎల్లలు దాటి స్త్రీలకు నేర్పారు. వెంపటి చినసత్యం (1929–2012) 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ నెలకొల్పి, అడవులను వరుసక్రమంలో అమర్చి, ఎవరైనా మొదటి మెట్టు నుండి ఎక్కగలిగే బోధనా పద్ధతిని తీర్చిదిద్దారు. కూచిపూడి గ్రామంలో బందా కనకలింగేశ్వరరావు ప్రభృతుల కృషితో వెలసిన సిద్ధేంద్ర కళాక్షేత్రం, 1985లో స్థాపితమైన తెలుగు విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోకి తరువాత వచ్చింది. ఆ విధంగా గురువు ఇంటి వసారాలో నేర్చిన విద్యకు విశ్వవిద్యాలయ పీఠం లభించింది.

ప్రస్తుతం నృత్య విద్యలో అనేక సోపానాలు ఉన్నాయి. ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలల్లో సాధారణంగా నాలుగు సంవత్సరాల సర్టిఫికెట్ కోర్సు, దానిపై రెండు సంవత్సరాల డిప్లొమా కోర్సు ఉంటాయి. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని సరోజినీ నాయుడు కళాపీఠం వంటి చోట్ల నృత్యంలో స్నాతకోత్తర విద్య, పరిశోధన సాగుతున్నాయి. చెన్నైలో రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించిన కళాక్షేత్రం భరతనాట్యానికి పేరెన్నిక గన్న శిక్షణాలయం. 1993 నాటి కేంద్ర చట్టం దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తించింది. విశ్వవిద్యాలయ అధ్యాపకులు కాగోరేవారికి నెట్ పరీక్షలో నృత్యం కూడ ఒక విషయంగా ఉన్నది.

విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో ప్రకటించిన నిబంధనలలో ఒక విశేషం గమనింపదగినది. సంగీత నృత్యాల అధ్యాపక పదవులకు నెట్, పరిశోధన పట్టం అనే మార్గంతోపాటు రెండవ మార్గాన్ని కూడ అందులో ఉంచారు. డిగ్రీ చదువు కలిగి, పేరొందిన సంప్రదాయ గురువుల వద్ద అభ్యసించి, ఆకాశవాణి లేదా దూరదర్శన్‌లో ‘ఎ’ శ్రేణి పొందిన కళాకారులకు అది ఉద్దేశించినది. అయితే వారికి కేవలం ప్రదర్శనా సామర్థ్యం చాలదు; విషయాన్ని హేతుబద్ధంగా వివరించగల శక్తి, సోదాహరణంగా శాస్త్రాన్ని బోధించగల జ్ఞానం కూడ ఉండాలని ఆ నిబంధన కోరింది. కౌశికి చెప్పిన రెండు గుణాలే ఇక్కడ ప్రభుత్వ భాషలో ప్రత్యక్షమయ్యాయి.

ఈ సమస్య మన దేశానికే పరిమితం కాదు. నృత్యనాటకాన్ని వాడుకలో ‘బ్యాలే’ అనడం మనకు అలవాటు. కాని అసలు బ్యాలే ఐరోపా రాజాస్థానాలలో పెరిగిన ప్రత్యేక నృత్యరీతి. ఫ్రాన్సు రాజు పద్నాలుగవ లూయీ 1661లోనే నృత్యానికి ఒక రాజకీయ అకాడమీ స్థాపించాడు. 1738లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో రాజాస్థాన నృత్య పాఠశాల వెలిసింది. ఇంగ్లండులో మాత్రం చాలాకాలం ఎవరికి వారే ఉపాధ్యాయులమని చెప్పుకొని నేర్పుతుండేవారు. ఆ బోధన స్థాయిని చూసి కలతచెందిన ప్రముఖ నర్తకులు 1920లో, అనగా విజయనగర పాఠశాల వెలసిన మరుసటి ఏడే, లండన్‌లో ఒక సంఘంగా ఏర్పడ్డారు. అదే నేటి రాయల్ అకాడమీ ఆఫ్ డ్యాన్స్. శిష్యులకు పరీక్షలు పెట్టడంతోపాటు ఉపాధ్యాయులకు కూడ శిక్షణ ఇవ్వడం ఆ సంస్థ ప్రత్యేకత. శరీర నిర్మాణం, బాలల ఎదుగుదల, పాఠ ప్రణాళిక, పర్యవేక్షకుల సమక్షంలో బోధనాభ్యాసం ఆ శిక్షణలో భాగాలు. రష్యాలో అగ్రిప్పినా వాగనోవా 1934లో ప్రకటించిన గ్రంథం కూడ శిష్యుని శరీరాన్ని ఏ వరుసలో, ఎంత కాలంలో సిద్ధం చేయాలో తెలిపినందువల్లనే లోకప్రసిద్ధమైంది.

బ్యాలేలో నర్తకి కాలి వ్రేళ్ల కొనలపై నిలబడుతుంది. ఎముకలు గట్టిపడక ముందే, కాలి కండరాలకు తగిన బలం రాక ముందే బాలిక చేత ఆ పని చేయిస్తే పాదం చెడిపోతుంది. అందువల్ల ఎప్పుడు చేయించాలో తెలిసినవాడే అక్కడ ఉపాధ్యాయుడు. మన నాట్యంలోను ఇటువంటి సూక్ష్మాలు ఉన్నాయి. అరమండిలో నిలిచినప్పుడు మోకాలు పాదం వ్రేళ్ల దిశలోనే వంగాలి. తుంటి కీలు తగినంత తెరుచుకోని బిడ్డను పాదాలు మాత్రం పక్కకు తిప్పమని గద్దిస్తే, ఆ మెలి అంతా మోకాలిపై పడుతుంది. నడుము లోపలికి వంగిపోతే వెన్నుకు శ్రమ. గట్టి సిమెంటు నేలపై గంటల తరబడి తట్టిస్తే మడమలకు, పిక్క ఎముకలకు దెబ్బ. నొప్పి అన్న బిడ్డకు ‘ఓర్చుకో’ అని చెప్పడం సులభం. సాధన వల్ల కలిగే అలసట ఏదో, గాయం వల్ల కలిగే బాధ ఏదో వేరుచేసి చూడగలగడమే విద్య.

నందికేశ్వరుని ‘అభినయదర్పణం’ పాత్రకు పది ప్రాణాలు చెప్పింది. వేగం, నిలకడ, రేఖ, భ్రమరి, దృష్టి, అలసట లేకుండుట, మేధ, శ్రద్ధ, వాక్కు, గీతం అనేవి అవి. తొమ్మిది శిరోభేదాలను, ఎనిమిది దృష్టిభేదాలను, నాలుగు గ్రీవాభేదాలను ఆ గ్రంథం వివరించింది. కాకతీయ గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని 13వ శతాబ్దంలో రచించిన ‘నృత్తరత్నావళి’ శాస్త్రీయ రీతులతోపాటు దేశి నృత్యాలకు కూడ స్థానం కల్పించింది. ఈ శాస్త్రాలను కంఠస్థం చేసి పరీక్షలో ఉత్తీర్ణుడు కావడం విద్యార్థి లక్షణం. పదేళ్ల బిడ్డకు ఈ నెల ఏది చెప్పాలి, వచ్చే ఏడు ఏది చెప్పాలి అని ఎన్నుకోవడం ఆచార్య లక్షణం.

ఆచార్యుని శిక్షణలో లయకు ప్రథమ స్థానం ఉన్నది. తిస్ర, చతురశ్ర, ఖండ, మిశ్ర, సంకీర్ణ జాతులు క్రమంగా మూడు, నాలుగు, ఐదు, ఏడు, తొమ్మిది అక్షరాలు గలవి. అడుగులను మూడు కాలాలలో వేయించేటప్పుడు ఎదుట ఇరవైమంది శిష్యులుంటే, వారిలో ఒకరి పాదం అర అక్షరం ముందు పడినా గురువు చెవికి తెలియాలి. నట్టువాంగం అభ్యసించనివాడు ధ్వనిముద్రికను పెట్టి నేర్పుతాడు. ధ్వనిముద్రిక బిడ్డ కోసం ఆగదు. తడబడినచోట కాలాన్ని తగ్గించదు. తాళాలు చేత పట్టిన గురువు మాత్రమే ఆ బిడ్డ అడుగుకు తన లయను అనుసంధించి, ఆపై మెల్లగా తన లయలోకి ఆమెను తీసుకొని రాగలడు.

రెండవది భాష. అభినయానికి మూలం సాహిత్యం. భామాకలాపంలోని సత్యభామ జడ కేవలం అలంకారం కాదు. అది ఆమె అతిశయానికి సంకేతం. ఆ సంగతి తెలియని శిష్యురాలు జడను విసరుతుంది గాని, సత్యభామ కాలేదు. అష్టవిధ నాయికల మనోభావాలు తెలియని గురువు పదానికి అర్థం చెప్పలేడు. చెప్పగలవాడు సైతం బాలిక వయస్సును గమనించాలి. శృంగార పదాన్ని పదేళ్ల పిల్ల చేత చేయించి సభ చేత చప్పట్లు కొట్టించడం కంటె, ఆమెకు అర్థమయ్యే బాలకృష్ణుని అల్లరిని అభినయింపజేయడం ఉత్తమం.

మూడవది ప్రవర్తన. నాట్యం శరీరంతో నేర్చే విద్య కనుక, భంగిమను సరిదిద్దవలసి వచ్చినప్పుడు గురువు చేయి శిష్యుని తాకక తప్పదు. ముందుగా చెప్పి, అవసరమైనంత మేరకే, నలుగురి ఎదుట సరిదిద్దడం మర్యాద. బాలల రక్షణకై 2012లో వచ్చిన చట్టం గురించి ప్రతి నృత్యోపాధ్యాయుడు తెలుసుకొని ఉండాలి. అధిక్షేపించడం, శరీరం లావనో, రంగు తక్కువనో అవమానించడం గురుత్వం అనిపించుకోదు. రంగప్రవేశం పేరుతో తల్లిదండ్రుల శక్తికి మించిన వ్యయం చేయించడం కూడ అంతే.

మన దేశంలో సొంతంగా నృత్య పాఠశాల తెరవడానికి ప్రత్యేకమైన బోధనా అర్హతాపత్రం ఉండి తీరాలనే నియమం లేదు. వార్షికోత్సవానికి రెండు అంశాలు నేర్చిన యువకుడు కూడ మరుసటి ఏడు గురువు కావచ్చును. ఇందువల్ల స్వేచ్ఛ ఉన్నది. ప్రమాదం కూడ ఉన్నది. స్వేచ్ఛ ఉన్నందువల్ల తప్పెటగుళ్ల గురువు, తూర్పు భాగవతుడు ఎవరి అనుమతీ లేకుండా తమ విద్యను బిడ్డలకు అందించగలుగుతున్నారు. ప్రమాదం ఉన్నందువల్ల తల్లిదండ్రులే పరీక్షకులు కావలసి వస్తున్నది. వారు అడగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. ఈ గురువు ఎవరి వద్ద, ఎన్ని సంవత్సరాలు అభ్యసించారు? ఏ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు? తరగతి జరిగేటప్పుడు కూర్చుండి చూడనిస్తారా? అన్నిటికంటె ముఖ్యంగా, ఐదారేళ్లు నేర్చిన వారి శిష్యులు ఎలా ఆడుతున్నారు? వారు ఆరోగ్యంగా, ఆనందంగా ఉన్నారా? చివరి ప్రశ్న కౌశికి వేసిన ప్రశ్నే.

ఇంటర్మీడియట్ విద్య పూర్తిచేసి నాట్యాచార్యులు కాదలచినవారికి ఈ చరిత్ర ఒక మార్గం చూపుతున్నది. సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ అనే సోపానాలను నిర్లక్ష్యం చేయరాదు. ప్రభుత్వోద్యోగానికి, ఉన్నత విద్యకు అవి ద్వారాలు. పుట్టుకను బట్టి కాక కృషిని బట్టి గౌరవం పొందడానికి అవి సాధనాలు. అయితే పట్టా చేతికి వచ్చిన నాడు చదువు ముగిసిందని భావించరాదు. అనుభవజ్ఞుడైన గురువు పక్కన కూర్చుండి రెండు మూడేళ్లు చిన్న తరగతులు చెప్పడం, తప్పులు దిద్దించుకోవడం, నట్టువాంగం పట్టడం, శరీర శాస్త్రం తెలుసుకోవడం, తెలుగు కావ్యాలు చదవడం అసలైన ఆచార్య శిక్షణ. తమ ఊరి వృద్ధ కళాకారుల వద్దకు వెళ్లి, వారి విద్యను వినయంతో స్వీకరించడం అందులో మరొక భాగం.

పట్టా అనేది గురువు నేర్చిన విద్యకు సాక్ష్యం. శిష్యుడు ఆయన నేర్పిన విద్యకు సాక్ష్యం. మొదటి సాక్ష్యాన్ని పరీక్షాధికారి ఒక్కనాటిలో సంతకం చేసి ఇస్తాడు. రెండవ దానిని ఒక బిడ్డ కొన్ని సంవత్సరాల తరువాత, తన పాదాలతో వేదికపై ఇస్తుంది. రెండూ ఉన్నవారినే ఆచార్యులని పిలవడం న్యాయం.

శబ్దార్థాలు

పరివ్రాజిక = సన్యాసిని
అగ్రగణ్యులు = మొదట లెక్కింపదగినవారు
ప్రతీతి = ప్రసిద్ధి, జనులు చెప్పుకొనే మాట
మధూకరం = ఇంటింటా అన్నం యాచించి తెచ్చుకోవడం
వాయులీనం = వయొలిన్
ప్రభృతులు = మొదలైనవారు
సోపానం = మెట్టు
అడవు = నృత్యంలో పాద, హస్త విన్యాసాల మూల ప్రమాణం
అరమండి = మోకాళ్లు పక్కలకు వంచి నిలిచే నృత్య భంగిమ
నట్టువాంగం = తాళాలు వాయిస్తూ, జతులు చెబుతూ నృత్యాన్ని నడిపించడం
భ్రమరి = గిరగిర తిరగడం
గ్రీవం = మెడ

సంధులు

నాట్యాచార్యుడు = నాట్య + ఆచార్యుడు – సవర్ణదీర్ఘ సంధి
సంస్థానాధీశులు = సంస్థాన + అధీశులు – సవర్ణదీర్ఘ సంధి
నృత్యోపాధ్యాయుడు = నృత్య + ఉపాధ్యాయుడు – గుణ సంధి
వార్షికోత్సవం = వార్షిక + ఉత్సవం – గుణ సంధి
అత్యవసరం = అతి + అవసరం – యణాదేశ సంధి

ప్రశ్నలు

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. నాట్యాచార్యునికి ఉండవలసిన అర్హతలను పాఠ్యభాగం ఆధారంగా వివరించండి.
2. విజయనగరం సంగీత పాఠశాల స్థాపన వల్ల కళావిద్యలో వచ్చిన మార్పులను విశ్లేషించండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంక్షిప్త సమాధానాలు వ్రాయండి.
1. గణదాసు, హరదత్తుల వివాదాన్ని కౌశికి ఏ విధంగా పరిష్కరింపదలచింది?
2. కళావంతుల విద్య మరుగున పడడానికి కారణాలేమిటి?
3. ధ్వనిముద్రికతో నేర్పడానికి, నట్టువాంగంతో నేర్పడానికి గల భేదం తెలపండి.

ఇ) ఏకవాక్య సమాధానాలు వ్రాయండి.
1. విజయనగరం సంగీత పాఠశాల ప్రథమాధ్యక్షులు ఎవరు?
2. ‘నృత్తరత్నావళి’ గ్రంథకర్త ఎవరు?
3. మిశ్రజాతికి ఎన్ని అక్షరాలు?

ఈ) మీ ప్రాంతంలో ఏదైనా కళను నేర్పుతున్న ఒక పెద్దను కలిసి, వారు ఎవరి వద్ద, ఏ విధంగా నేర్చుకొన్నారో తెలుసుకొని ఒక పుటకు మించకుండా వ్రాయండి.